జకార్తా ఆఫర్ వచ్చిన భీమవరం తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు అడిగినవి రెండు. పీటూపీ లెండింగ్ (మధ్యలో ఉండి ఒకరి డబ్బు ఇంకొకరికి అప్పు ఇప్పించే) స్టార్టప్‌లో రిస్క్ అనలిస్టుగా ఆఫర్ వచ్చింది, ఇండోనేషియాలో ఆఫీసు తెరుస్తున్నారు, ఆరు నెలల్లో జకార్తా పంపుతామంటున్నారు, లోపల బతుకు ఎలా ఉంటుంది అన్నది ఒకటి. రొయ్యల చెరువు అమ్మితే వచ్చిన నలభై లక్షలు నాన్నగారి దగ్గర ఉన్నాయి, "ఇంట్లోవాళ్ళ చేత కూడా పెట్టించండి, నూటికి రూపాయి గ్యారంటీ" అని అక్కడి హెచ్‌ఆర్ చెప్పింది, పెట్టించవచ్చా అన్నది రెండోది. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. గ్యారంటీ అనే మాట వాళ్ళు అనకూడదు, రూలు ఒప్పుకోదు. అన్నారంటే ఆ హెచ్‌ఆర్‌కి తమ వ్యాపారం ఏమిటో తెలియదు, లేదా తెలిసీ అంటోంది.

నాది పాలకొల్లు పక్క పల్లె. ఎనిమిదేళ్ళు బ్యాంకులో అప్పుల విభాగంలో చేశాను. తర్వాత ఇలాంటి కంపెనీలోనే ఐదేళ్ళు పనిచేశాను, పేరు వద్దులే. అందులో 2019 నుంచి 2022 దాకా జకార్తాలో వసూళ్ళు చూశాను. ఇప్పుడు ఊళ్ళోనే ఉంటూ చిన్న ఫైనాన్స్ కంపెనీలకు రిస్క్ లెక్కలు చేసి పెడుతున్నాను.

ముందు ఈ వ్యాపారం ఏమిటో మన భాషలో. మన ఊళ్ళలో ఒకరి దగ్గర దాళ్వా (రెండో పంట) డబ్బులు ఉంటాయి, ఇంకొకరికి ఫీజులకో మేతకో అవసరం పడుతుంది. మధ్యవర్తి ఇద్దరినీ కూర్చోబెట్టి నోటు రాయిస్తాడు, రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టిస్తాడు. డబ్బు అతనిది కాదు, పూచీ అతనిది కాదు. అతనికి ఉన్నదల్లా ముఖం. ఆ ముఖాన్ని చూసే డబ్బున్నవాడు ఇస్తాడు. రిజర్వ్ బ్యాంకు 2017 అక్టోబరులో పీటూపీ కంపెనీలకు రాసిన నిబంధనలు చదివితే అచ్చంగా ఈ మధ్యవర్తే కనిపిస్తాడు. కంపెనీ తన డబ్బు అప్పివ్వకూడదు, డిపాజిట్లు తీసుకోకూడదు, అప్పుకి హామీ ఉండకూడదు, తాకట్టు అప్పులు నడపకూడదు. ఒక అప్పుకి గడువు ముప్పై ఆరు నెలలు మించకూడదు. మన నోటుకి చెల్లు వేయించుకోకపోతే మూడేళ్ళకి కాలదోషం పట్టినట్టు ఇక్కడా మూడేళ్ళే అని నేను నవ్వుకునేవాణ్ణి. రెంటికీ సంబంధం లేదనుకో.

నూటికి రూపాయి అంటే ఏడాదికి పన్నెండు శాతం. అప్పు తీసుకునేవాడు మా దగ్గర రెండు నుంచి రెండున్నర రూపాయలు కట్టేవాడు. మధ్యలో మా ఫీజు, ఎగ్గొట్టినవాళ్ళ నష్టం పోను మిగిలేది రూపాయి. ఆ రూపాయి మిగులుతుందా లేదా అన్నది పూర్తిగా వసూళ్ళ మీద ఆధారపడిన లెక్క. కూర్చుని ఇచ్చిన డబ్బు నిలబడి వసూలు చేసుకోవాలని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక ఆఫీసు లోపలికి రా. అక్కడ రెండు గదులు ఉంటాయి, గోడ లేకపోయినా. ఒకటి అప్పులు పెంచే గది. అక్కడ గంట కొడతారు, కేకు కోస్తారు, ఫండింగ్ రౌండు అయితే అందరికీ టీషర్టులు వస్తాయి. రెండోది నువ్వు కూర్చునేది. పొద్దున్నే బకెట్లు చూస్తావు. వాయిదా దాటి ముప్పై రోజుల్లోపు ఉన్నవి ఒక బకెట్టు, ముప్పై నుంచి అరవై ఇంకొకటి, అరవై నుంచి తొంభై మరొకటి, తొంభై దాటితే మొండి బాకీ. ఒక బకెట్టులోంచి పక్క బకెట్టులోకి ఎంత జారిందన్నదే నీ పని. నెలలో ఐదో తారీఖున ఆటోమేటిక్‌గా ఖాతాల్లోంచి వాయిదాలు తీసుకుంటారు, ఆరో తారీఖున ఎన్ని బౌన్స్ అయ్యాయో తెలుస్తుంది. ఆ కంపెనీలో ఉన్న ఐదేళ్ళూ నా టెన్షన్ అంతా ఆరో తారీఖునే. మా ఆవిడ ఆ రోజు నాతో ఏ విషయం మాట్లాడేది కాదు.

ఈ పనిలో మొదటి నెలలోనే నేర్చుకోవలసిన మాయ ఒకటుంది. కంపెనీ మొత్తం పది కోట్లు అప్పులిచ్చింది, అందులో అరవై లక్షలు మొండికేశాయి అనుకో. ఆరు శాతం. వచ్చే మూడు నెలల్లో ఇంకో పది కోట్లు ఇచ్చేస్తే ఆ అరవై లక్షలే ఇప్పుడు మూడు శాతం అయిపోతాయి. కొత్త అప్పులు ఇంకా తొంభై రోజులు దాటలేదు కాబట్టి అవి మొండికేసే టైమే రాలేదు. బోర్డు మీటింగులో ఈ మూడు శాతాన్ని చూపించి చప్పట్లు కొట్టించుకుంటారు. అందుకే మంచి రిస్క్ మనిషి మొత్తం మీద శాతం చూడడు. జనవరిలో ఇచ్చిన అప్పులు ఆరో నెలకి ఎలా ఉన్నాయి, ఫిబ్రవరివి ఆరో నెలకి ఎలా ఉన్నాయి అని వరసగా పెట్టుకుని చూస్తాడు. చెరువుల్లో రొయ్య పిల్ల వేసిన తారీఖు ప్రకారం కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్నది) చూస్తాం కదా, అదే పద్ధతి. అన్ని చెరువుల రొయ్యల్నీ ఒకే కుప్పపోసి సగటు కౌంటు చెబితే మీ నాన్నగారు నమ్ముతారా?

ఎదుగుదల ఆగిన రోజున ఈ మాయ బయటపడుతుంది. కాబట్టి ఎదుగుదల ఆగకూడదు. ఇక్కడ జోరు తగ్గగానే ఇంకో దేశం కనిపిస్తుంది. మా దగ్గర జరిగింది అదే. నీ కంపెనీ సంగతి కూడా అదే అని అనను, కానీ అడిగి తెలుసుకో.

విదేశం వెళ్ళడం అనగానే ఇంకోటి అర్థం చేసుకోవాలి. మన రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం పీటూపీ కంపెనీ ద్వారా డబ్బు దేశం సరిహద్దు దాటకూడదు. భీమవరంలో రైతు డబ్బు జకార్తాలో ఆటోవాలాకి వెళ్ళదు. కాబట్టి జకార్తాలో పుట్టేది వేరే కంపెనీ, వేరే లైసెన్సు, అప్పిచ్చేవాళ్ళు వేరు, తీసుకునేవాళ్ళు వేరు. ఇక్కడి నుంచి వెళ్ళేది ఇన్వెస్టర్ల పెట్టుబడి, సాఫ్ట్‌వేరు, నీలాంటి నలుగురు మనుషులు. అక్కడి నియంత్రణ సంస్థ ఓజేకే 2016 డిసెంబరులో ఈ వ్యాపారానికి నిబంధనలు తెచ్చింది. విదేశీ వాటా ఎనభై ఐదు శాతం మించకూడదు, డేటా సర్వర్లు ఇండోనేషియాలోనే ఉండాలి. మా ఇంజనీర్లకి ఈ రెండో ముక్క ఆలస్యంగా తెలిసింది, మూడు నెలలు దానికే పోయాయి. 2020 ఫిబ్రవరిలో ఓజేకే కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసింది. అప్పటికి నమోదైనవి నూట అరవైకి అటూ ఇటూ ఉండేవి, తర్వాత వందకి దగ్గరగా దిగాయి. కాబట్టి మొదట అడగాల్సింది జీతం గురించి కాదు, అక్కడ లైసెన్సు చేతిలో ఉందా అని. లైసెన్సున్న పాత కంపెనీని కొంటున్నామంటే ఆ పాత కంపెనీ మొండి బాకీలు కూడా నీ బల్ల మీదకే వస్తాయి.

జకార్తాలో దిగిన మొదటి వారంలో మా సాఫ్ట్‌వేరు వచ్చిన దరఖాస్తుల్లో చాలావాటిని తిప్పికొట్టింది. కారణం వెతికితే ఇంటిపేరు. మన గోదావరి జిల్లాల్లో మనిషిని చూడగానే ముందు ఇంటిపేరు అడుగుతాం, తర్వాతే మంచినీళ్ళు. ఇక్కడి ఫారంలో ఇంటిపేరు తప్పనిసరి అని పెట్టారు. జావాలో ఎంతోమందికి ఒకే ఒక్క పేరు ఉంటుంది. మా దేశాధ్యక్షుల్లో ఇద్దరికి కూడా ఒకటే పేరు అని అక్కడి కుర్రాడు నవ్వాడు. సుకర్ణో, సుహార్తో. ఆ ఒక్క గడిని తీసేయడానికి హైదరాబాద్‌లో ముగ్గురి అనుమతి కావలసి వచ్చింది.

తర్వాత వడ్డీ. మేం వెళ్ళినప్పుడు అక్కడి పరిశ్రమ సంఘం పెట్టుకున్న గరిష్ఠ పరిమితి రోజుకి 0.8 శాతం. మన లెక్కలో చెప్పుకుంటే నెలకి నూటికి ఇరవై నాలుగు రూపాయలు! మా అమ్మకి ఫోన్లో చెబితే "అది అప్పా, దోపిడీయా" అంది. చిన్న మొత్తాలు, ముప్పై రోజుల అప్పులు కాబట్టి నడిచేది. మా బిజినెస్ ప్లాన్ మొత్తం ఆ ఇరవై నాలుగు మీద కట్టుకున్నాం. 2021లో ఆ పరిమితిని 0.4 కి తగ్గించారు. ఒక్క నిర్ణయంతో ఆదాయం సగం. 2024 నుంచి సొంత ఖర్చుల కోసం తీసుకునే అప్పులకి 0.3 చేశారు. ఆ రేట్లు తగ్గించడం తప్పని నేను అనను, తగ్గించాల్సిందే. కానీ నీకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ ఏ రేటు మీద లెక్క కట్టుకుందో అడుగు. పరిమితికి ఆనుకుని ఉంటే నీ ఉద్యోగం ఒక సర్క్యులర్ దూరంలో ఉన్నట్టే.

నాకు ఎక్కువ నేర్పింది పండగ. మనకి సంక్రాంతికి భీమవరం బస్సులు ఎలా నిండుతాయో, అక్కడ రంజాన్ పండగకి జకార్తా అలా ఖాళీ అవుతుంది. ఊరెళ్ళే ఆ ప్రయాణాన్ని ముదిక్ అంటారు. పండగకి కనీసం వారం ముందు యజమాని ప్రతి ఉద్యోగికీ పండగ బోనస్ ఇవ్వాలి. ఏడాది సర్వీసు ఉంటే నెల జీతం, చట్టం అది. మా సాఫ్ట్‌వేరు అప్పుదారు బ్యాంకు ఖాతా చూసి "ఆదాయం రెండింతలైంది, ఈయన లిమిట్ పెంచవచ్చు" అనుకుంది. పెంచింది. వాళ్ళు ఆ బోనసూ, మా అప్పూ రెండూ పట్టుకుని ఊళ్ళకి వెళ్ళి అక్కచెల్లెళ్ళకి బట్టలు పెట్టి, పిల్లలకి చేతిలో డబ్బులు పెట్టి ఖాళీగా తిరిగొచ్చారు. మరుసటి నెల బకెట్లు చూసి మా బాస్ దీన్ని మోసం అన్నాడు. కోడిపందాల మూడు రోజుల్లో మన ఊళ్ళో ఎవడి క్రెడిట్ స్కోరైనా (అప్పు తీరుస్తాడన్న నమ్మకానికి వేసే మార్కు) ఎంత ఉంటుందో చూడమన్నాను. మోసం కాదది, పండగ. మరుసటి ఏడాది పండగ ముందు నెల ఆదాయాన్ని లెక్కలోంచి తీసేశాం, వాయిదా తేదీల్ని పండగకి రెండు వారాల తర్వాతకి జరిపాం. రెండు లైన్ల మార్పు. దానికి ముందు ఎంత పోయిందో నేను చెప్పను.

వసూళ్ళకి మనిషిని పంపాలంటే నేరుగా ఇంటికి వెళ్ళకూడదని కూడా అక్కడే తెలిసింది. ప్రతి పేటకీ ఒక పెద్ద ఉంటాడు, పాక్ ఆర్‌టీ అంటారు. ముందు ఆయన్ని కలిసి, టీ తాగి, విషయం చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్తే వాయిదాల మీదైనా కడతారు. చెప్పాపెట్టకుండా తలుపు తడితే పేటంతా ఒక్కటవుతుంది, డబ్బు సంగతి మరిచిపోవచ్చు. ఇది మన ఊళ్ళ మనిషికి చెప్పక్కర్లేదు, పుట్టుకతో తెలుసు. బెంగళూరు నుంచి వచ్చిన కన్సల్టెంటుకి మూడు స్లైడ్లు వేసి చూపించాల్సి వచ్చింది. అలాగే అక్కడ ఆడవాళ్ళు అరిసాన్ అని చీటీలు వేసుకుంటారు. మనలా పాట ఉండదు, చీటీ తీస్తారు, ఎవరి పేరు వస్తే వాళ్ళకి. అరిసాన్‌లో ఏడాదిగా తప్పకుండా కడుతున్న మనిషికి ఇచ్చిన అప్పు తిరిగొచ్చేది. ఏ క్రెడిట్ స్కోరు కంటే ఆ ఒక్క ప్రశ్న మాకు బాగా పనిచేసింది. మొబైల్లో కాంటాక్టులు లాగడం, చుట్టాలకి ఫోన్లు చేసి పరువు తీయడం లాంటివి అక్కడ నిషేధం. లైసెన్సు ఉన్న యాప్ కెమెరా, మైకు, లొకేషన్ తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల కేసుల్లో జరిగిన అరెస్టులు నీకు గుర్తుండే ఉంటాయి. నీ కంపెనీ యాప్ ఫోన్లో ఏమేం అడుగుతుందో ఇవాళే దించుకుని చూడు. కాంటాక్టులు అడిగితే ఈ జవాబులో మిగతాది చదవక్కర్లేదు, ఆఫర్ వద్దని రాసెయ్.

ఈ తంటాలు మాకొక్కళ్ళకే కాదు. ఎస్తోనియాలో మొదలైన బొండోరా ఫిన్లండ్, స్పెయిన్, స్లొవేకియాలకి వెళ్ళింది. స్పెయిన్, స్లొవేకియా అప్పుల్లో ఎగవేతలు సొంత దేశంలో కంటే బాగా ఎక్కువై అప్పిచ్చిన మామూలు జనం నష్టపోయారు. స్వీడన్‌లో ట్రస్ట్‌బడ్డీ 2015 అక్టోబరులో ఆగిపోయింది, అప్పిచ్చినవాళ్ళకి చెందాల్సిన నాలుగు కోట్ల నలభై లక్షల క్రోనార్లకి లెక్క దొరకలేదు. 2005లో బ్రిటన్‌లో ఈ వ్యాపారాన్ని మొదలుపెట్టిన జోపానే 2021లో పీటూపీ మూసేసి బ్యాంకుగా మిగిలింది. చైనాలో వేలకొద్దీ ఉన్న ఇలాంటి కంపెనీలు 2020 నవంబరు నాటికి సున్నా. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎదిగే తొందరలో అప్పిచ్చినవాడి డబ్బుకి కాపలా ఎవరన్నది మరిచిపోతే జరిగేది ఇది.

రోజువారీ బతుకు సంగతి తొందరగా చెప్పేస్తాను. జకార్తా మనకంటే గంటన్నర ముందు. అక్కడ తొమ్మిదికి సిస్టం పడిపోతే ఇక్కడ ఏడున్నర, ఎవరూ ఫోన్ ఎత్తరు. సాయంత్రం ఇక్కడి మీటింగులు అక్కడ రాత్రి తొమ్మిది దాకా. విదేశీ ఉద్యోగి పక్కన నేర్చుకోవడానికి ఒక స్థానిక ఉద్యోగిని పెట్టాలని అక్కడి నిబంధన. కొందరు ఆ పిల్లాణ్ణి టీ తెచ్చేవాడిలా చూస్తారు. నువ్వు అతని దగ్గరే నేర్చుకో, అక్కడి భాష మొదటి రోజు నుంచే మొదలుపెట్టు. బియ్యం దొరుకుతాయి, కొబ్బరి దొరుకుతుంది, రొయ్య దొరుకుతుంది, గోదావరివాడు ఆకలితో చావడు. గోంగూర మాత్రం లేదు.

ఇక మీ నాన్నగారి డబ్బు. ఇది రాయడం నాకు కొంచెం కష్టమే. 2018లో మా కంపెనీ భీమవరంలో ఒక హోటల్లో మీటింగ్ పెట్టింది, ఆక్వా రైతులు, రిటైరైన మేష్టార్లు వచ్చారు. నన్ను స్టేజి ఎక్కించారు, మన ఊరివాడు కదా అని. మా చిన్నాన్న నన్ను చూసి ఆరు లక్షలు పెట్టాడు. ఐదారేళ్ళు బాగానే వచ్చింది. అప్పు ఏడాదిది, కానీ "ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు" అని అమ్మేవారు. పాతవాడు డబ్బు అడిగితే కొత్తగా పెట్టినవాడి డబ్బు తిప్పి ఇవ్వడమే ఆ సదుపాయం. 2024 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు దీన్ని ఆపేసింది. పీటూపీని పెట్టుబడి పథకంలా అమ్మకూడదు, గడువుకి ఇంత అని హామీ ఇవ్వకూడదు, ఎప్పుడైనా తీసుకునే సదుపాయం ఉండకూడదు, ఎస్క్రో ఖాతాలోకి (చేతులు మారే ముందు డబ్బు ఆగే మధ్య ఖాతా) వచ్చిన డబ్బు మరుసటి రోజు దాటి అక్కడ ఉండకూడదు, అసలు పోయినా వడ్డీ పోయినా అప్పిచ్చినవాడిదే అని స్పష్టంగా చెప్పాలి. రూలు మంచిదే. ఆ రోజుతో చిన్నాన్న డబ్బు ముక్కలు ముక్కలుగా, ఎవరెవరో కట్టే వాయిదాల్లో రావడం మొదలైంది. నాలుగు లక్షల డెబ్బై వేలు వచ్చాక ఆగిపోయింది. అప్పటికి నేను కంపెనీ వదిలి రెండేళ్ళు. చిన్నాన్న ఒక్క మాట అనలేదు. పిన్ని మాత్రం "నువ్వు చెప్పావనే కదరా" అంది. మిగతా లక్షా ముప్పై వేలకి నేను నోటు రాసిచ్చాను, కిందటి దాళ్వాకి తీర్చేసి నోటు చింపించుకున్నాను.

కాబట్టి నాన్నగారికి లెక్క ఇలా చెప్పు. ఒక మనిషి అన్ని పీటూపీ కంపెనీల్లో కలిపి పెట్టగలిగేది యాభై లక్షలు. పది లక్షలు దాటాలంటే అప్పులు పోను ఆస్తి యాభై లక్షలకి తగ్గదని ఆడిటర్ సర్టిఫికెట్ కావాలి. ఒక అప్పుదారుకి యాభై వేలకి మించి ఇవ్వకూడదు. అంటే నలభై లక్షలు కనీసం ఎనభై మంది ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలోకి వెళ్తాయి, తాకట్టు లేకుండా. బ్యాంకు డిపాజిట్‌కి ఉన్న ఐదు లక్షల బీమా దీనికి లేదు. వచ్చిన వడ్డీ మొత్తం మీద పన్ను కట్టాలి, మునిగిన అసలుని ఆ వడ్డీలోంచి తీసేసుకోవడం వడ్డీ వ్యాపారం చేయని మామూలు మనిషికి సాధారణంగా కుదరదు. ఆడిటర్‌ని అడిగి రూఢి చేసుకోండి. ఆయనకి మరీ మనసైతే రెండు లక్షలు, పోయినా నిద్ర పట్టే డబ్బు. నీ ఉద్యోగానికీ ఆ డబ్బుకీ ముడిపెట్టే కంపెనీ అయితే అది కూడా వద్దు. జీతమూ, నాన్న డబ్బూ ఒకే చెరువులో వేస్తే వైరస్ వచ్చిన రోజున రెండూ తేలతాయి.

ఉద్యోగం మాత్రం చెయ్యమనే అంటాను. ఇరవై ఏడేళ్ళ వయసులో వేరే దేశంలో ఒక లోన్ బుక్ (కంపెనీ ఇప్పించిన అప్పులన్నీ కలిపిన ఖాతా) పుట్టడం, పాడవడం, బాగుపడడం కళ్ళారా చూసే అవకాశం బ్యాంకులో పదిహేనేళ్ళకి కూడా రాదు. షేర్లు ఇస్తామన్న ఆశ మీద జీతం తగ్గించుకోకు. నాలుగేళ్ళు ఉంటేనే పూర్తిగా నీవి అవుతాయి, అప్పటికి కంపెనీ ఉండాలి కదా. జకార్తా జీతం రూపాయల్లోనా రుపియాల్లోనా, అక్కడి ఆఫీసు మూసేస్తే తిరిగొచ్చే టికెట్టూ ఇక్కడి ఉద్యోగమూ ఎవరి బాధ్యత, ఇవి కాగితం మీద రాయించుకో. ఇంటర్వ్యూలో మీ చివరి రిస్క్ హెడ్ ఎందుకు వెళ్ళిపోయారని అడుగు. జవాబు కంటే జవాబు చెప్పే ముందు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారా అన్నది గమనించు.

ఇంకొక పని చెయ్. మన దేశంలో ప్రతి పీటూపీ కంపెనీ తన వెబ్‌సైటులో నెలనెలా మొండి బాకీల పట్టిక, ఎన్ని రోజులు దాటినవి ఎంత అని విడదీసి పెట్టాలి, నిబంధన అది. నీకు ఆఫర్ ఇచ్చినవాళ్ళది వెతికి గత పన్నెండు నెలలవి ఇక్కడ పెట్టు, ఎన్ని అప్పులు ఇచ్చారో అది కూడా. పట్టిక దొరక్కపోతే దొరకలేదని రాయి. ఆదివారం లోపు పెడితే చూసి చెప్తాను. సోమవారం నుంచి మా ఊళ్ళో దాళ్వా కోతలు, ఫోన్ ఇంట్లో పెట్టి పొలానికి పోతాను.